పోక

నా పని చిన్నది.
తల దగ్గర వాళ్లుంటారు. నేను కాళ్ల వైపు,
నీలం గుడ్డకి ఇవతల, ఒక స్టూలు మీద.
మనిషిని నిద్రలోకి దింపడం, పైకి తేవడం.
మధ్యలో, అడిగినప్పుడు,
ఆకుపచ్చ మందు ఎక్కించడం.

వాల్దీవియాలో ఆ పూట వాన.
ఇక్కడ వానని వార్తలా చెప్పుకోరు,
వాన లేకపోతే చెప్పుకుంటారు.

బల్ల మీద నోల్బెర్తో ఓయార్సో,
అరవై నాలుగేళ్లు, ఇసుక పడవ సరంగు.
మత్తుకి ముందు అడిగాడు: "పోటెప్పుడు డాక్టరమ్మా?"
తెలీదన్నాను.
"పదకొండున్నరకి" అని తనే చెప్పి
పది నుంచి వెనక్కి లెక్కపెడుతూ
ఏడు దగ్గర ఆగిపోయాడు.

గడ్డ నడినెత్తి కింద,
పెద్ద సిర గట్టుని ఆనుకుని పెరిగింది.
దాని మీదుగా ఇంకో సిర,
తడిసిన ఊదారంగు నూలుపోగు.
అది తెంపితే గడ్డ మొత్తం చేతికొస్తుంది.
"సన్నది మేడమ్. పెద్దగా ఏమీ పారుతున్నట్టు లేదు"
అన్నాడు కుర్ర డాక్టరు ఎలియెసేర్.

ఇసిడోరా కత్రిలేఫ్ అవుననలేదు, కాదనలేదు.
చీమ పట్టంత మెత్తని క్లిప్పు ఒకటి
ఆ పోగు మీద పెట్టి
నా వైపు తిరక్కుండానే అంది: "రంగు."

తోశాను.
దీపాలార్పారు. తెర నల్లబడింది.
చేతిలోంచి గుండెకి, ఊపిరితిత్తులకి, మళ్లీ గుండెకి.
పదమూడు. పద్నాలుగు.
పదిహేనుకి ధమనులు వెలిగాయి,
ఒక్క ఉదుటున, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

రాక ఎప్పుడూ అంతే.
వచ్చేవాడికి గుమ్మం దాకా ఎదురెళతాం.
పోయేవాడు సంచీ తీసుకుని
ఏ సందులోంచి వెళ్లాడో ఎవరికి పట్టింది?
నాకూ పట్టేది కాదు.
పాతికేళ్లుగా నా కాగితాల నిండా
వచ్చేవాటి లెక్కలే.

తర్వాత సిరలు.
ఒక్కొక్కటీ, తీరిగ్గా,
అంచులు ముందు తెల్లబడి, నడుమ తర్వాత.
క్లిప్పుకి ఎగువన తెలుపు చేరింది.
నిలబడింది.

పక్కదారి పడుతుందేమోనని చూశాం.
ఈ ఊరి నది రోజుకి రెండుసార్లు
సముద్రం తోస్తే వెనక్కి నడుస్తుంది.
సిర కూడా నడుస్తుంది, తప్పనిసరైతే.
ఒక్కోసారి.

ఇరవై సెకన్లు. నలభై.
మిగతా మెదడు పలచబడుతోంది.
ఆ మూల మాత్రం
నీళ్లు దిగని పెరడులా తెల్లగా.
మాస్కు వెనక ఎలియెసేర్
ఊపిరి బిగపట్టడం నాకు వినిపించింది.

క్లిప్పు తీసింది.
పెద్దగా ఏమీ పారని ఆ పోగులోంచి
అంతా బయల్దేరింది.

"ఇది ఉంటుంది" అంది కత్రిలేఫ్.
"దీని కింద గడ్డ కూడా కొంచెం ఉంటుంది."
ఆ రెండో మాట
మొదటిదాని కంటే మెల్లగా అంది.

మూడో రోజు ఓయార్సో అడిగాడు: "మొత్తం తీసేశారా?"
"గోరంత ఉంచారు."
ఎందుకో చెప్పడం నాకు చేతకాలేదు.
మందుల చీటీ వెనక బొమ్మ గీశాను.
అది సిరలా లేదు, వంకర దారిలా ఉంది.

చాలాసేపు చూశాడు.
"అరవైలో భూమి కదిలినప్పుడు
కొండలు జారి రిన్యీవే సరస్సు నోరు మూసుకుపోయింది.
మా నాన్న అక్కడ పార పట్టాడు. వేలమందిలో ఒకడు.
నీళ్లని ఆపడానికి కాదు,
మెల్లగా పోనివ్వడానికి."
చీటీ మడిచి దిండు కింద పెట్టుకున్నాడు.
ఆ వెంటనే సూపులో ఉప్పు లేదని
నర్సుతో పోట్లాటకి దిగాడు.

సాయంత్రం చేపల బజారు దగ్గర ఆగాను.
మెట్ల మీద నీటి సింహాలు
ఒకదాని మీద ఒకటి ఒరిగి నిద్రపోతున్నాయి.
నది ఎటు పోతోందో చూద్దామని
కింద పడున్న ఉల్లిపొట్టు ఒకటి తీసి నీళ్లలో వేశాను.
అది కాసేపు
అక్కడే ఉంది.
గొడుగు తెరుచుకుని నేనూ ఉన్నాను.